అడుగున్నర సలహా

నా ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను పైకి పంపిన ప్రతిపాదనలు చాలానే ఉన్నాయి. కొన్ని బీరువాల్లో పడుకున్నాయి. కొన్ని "చర్చించండి" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చాయి. ఎవరితో చర్చించాలో రాయలేదు కాబట్టి నాతో నేనే చర్చించుకుని పక్కన పెట్టాను. చెప్పింది చెప్పినట్టు, గడువు కూడా అడక్కుండా, నూటికి నూరుపాళ్లు అమలైన ప్రతిపాదన ఒకే ఒక్కటి. అది నేను టీ తాగుతూ వేసిన జోకు.

టౌన్ ప్లానింగులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ టైంల ప్రెషర్లు ఎట్లుండేటివి సార్?" అని అడుగుతారు. పెద్దల ఫోన్లు, బెదిరింపులు, జేసీబీ ముందు అడ్డంగా పడుకున్న యజమానులు, ఇలాంటివి చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ నన్ను నిజంగా ఇరికించింది బయటివాళ్లెవరూ కాదు, నా నోరే. అందుకని ఈ సంగతి రాస్తున్నాను. చదివి మీ నోళ్లు జాగ్రత్తగా పెట్టుకోండి.

వరంగల్ స్టేషన్ రోడ్డు వెనక గల్లీలు మీకు తెలుసు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి, ఎవరు పోవాలో తేలేదాకా ఇద్దరూ హారన్ కొట్టుకోవాలి. అలాంటి గల్లీల్లో ఇంటి ఎత్తుకు హద్దు ఉంటుంది. రోడ్డు వెడల్పు ఎంతో దాన్ని బట్టి ఎత్తు. ఎందుకంటే రేపు మంటలంటుకుంటే ఫైరింజన్ రావాలి, పక్కింటి వాళ్లకు కాస్త గాలీ వెలుతురూ మిగలాలి. నేను చెప్పబోయే గల్లీలో హద్దు పది మీటర్లు. రోడ్డు నడిమధ్య మట్టం నుంచి పై స్లాబు దాకా పది మీటర్లు దాటొద్దు. పైన పిట్టగోడ, నీళ్ల ట్యాంకు లెక్కలోకి రావు. ఇంతే రూలు. దీన్ని ఇంతకన్నా కష్టంగా చెప్పడం మాకు ట్రైనింగులో నేర్పారు గానీ ఇప్పుడు అవసరం లేదు.

కొలతకు నేను ఎక్కడికి పోయినా నాతో మా చైన్‌మన్ ఉండేవాడు. టేపు పట్టే మనిషి. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను సారు అనేవాడు; ఇద్దరిలో సారు ఎవరో పని తెలిసినవాళ్లకు తెలుసు. ఆయన ఇల్లు ఖిలా వరంగల్‌లో, కోట మట్టిగోడ లోపల. పాత కట్టడాలకు దగ్గర కాబట్టి అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టాలన్నా పై నుంచి అనుమతి రావాలి. "ఊరందరి మేడలు కొలుస్త సారు, నా ఇంటి మీద కోళ్లగూడు లేపనీకి లేదు" అనేవాడు. ఆ కడుపుమంటతో కొలుస్తాడు కాబట్టి ఆయన కొలతలో అర సెంటీమీటరు తేడా ఉండేది కాదు.

ఇక ఆ గల్లీలో మేడ కట్టినాయన. మరిపెడలో రోడ్డు పక్కన చిన్న విత్తనాల దుకాణంతో మొదలుపెట్టి, వరంగల్‌లో స్టీలు సామాను దుకాణం దాకా వచ్చిన మనిషి. గల్లీలో అందరూ సేటు అనేవారు. చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచీ దుకాణంలో పెరిగాడు కదా, లోకంలో బేరమాడటానికి వీల్లేని వస్తువు ఉంటుందంటే నమ్మడు. అంతే ఆయనతో వచ్చిన చిక్కు. కింద దుకాణం, మధ్యలో కాపురం, పైన పెద్ద హాలు. ఆ హాలును ఒక కోచింగ్ సెంటర్‌కు ఇస్తానని మాటిచ్చాడు. పిల్లలు వందమంది కూర్చుంటే ఉక్క పోస్తుందని, పంఖాలు గాలి వీయాలని, ప్లానులో ఉన్నదానికంటే ఆ హాలు పైకప్పును పైకి లేపి పోయించాడు. కట్టడం అయిపోయింది కాబట్టి ఇక మనుషులు దిగొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ కాగితం కావాలి. దానికి ముందు మేం కొలవాలి.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పోయాం. భాయ్ పైనుంచి గుండు కట్టి టేపు వదిలాడు. నేను కింద చూశాను.

"పది మీటర్ల నలభై ఐదు" అన్నాను.

సేటు చేతిలో సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు. బేరం మొదలైతే ఆయన చేతులు ఖాళీగా ఉండాలి.

"మల్లొక్కసారి కొలువుండ్రి సార్. ఎండకు టేపు సాగుతది."

మళ్లీ కొలిచాం. ఈసారి భాయ్ కిందికొచ్చి తనే చదివాడు. "పది మీటర్ల నలభై ఆరు. సాగలే సేటూ, ముడుసుకున్నది."

"మల్ల వద్దు మల్ల వద్దు. మొదటిదే ఖాయం చేయుండ్రి."

గల్లీ మూలన టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయాడు. టీ చేతికిచ్చి, "సార్, నలభై ఐదు సెంటీమీటర్లంటే ఎంత? మా దుకాణంల బిందె ఎత్తుండదు. ఏదన్న మార్గం చెప్పుండ్రి" అన్నాడు.

అక్కడ నేను ఆగి, "మార్గం లేదు, పైకప్పు తగ్గించుకోండి" అని లేచి వచ్చేస్తే ఈ కథ లేదు. కానీ టీ బాగుంది. చుట్టూ నలుగురు వింటున్నారు. నలుగురు వింటే నా నోరు నా మాట వినదు.

"మార్గాలు రెండే సేటూ" అన్నాను. "ఒకటి, పైనుంచి అడుగున్నర కోసెయ్యి. లేకుంటే కిందనుంచి రోడ్డు అడుగున్నర లేపు. మేం కొలిచేది రోడ్డు నుంచే గదా."

టీ కొట్టు అంతా నవ్వింది. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను. నవ్వనిది ఇద్దరే: భాయ్, సేటు. భాయ్ నా వైపు చూస్తున్నాడు. సేటు గల్లీ వైపు చూస్తున్నాడు.

"అడుగున్నర సాల్తదా సార్?" అని అడిగాడు.

నాకు ఇంకా నవ్వొచ్చింది. "ఒక ఇంచు ఎక్కువనే లేపు. సేఫ్‌గ ఉంటది."

తిరిగొస్తుంటే బండి మీద వెనక కూర్చున్న భాయ్ అన్నాడు, "సారు, మీరు జోక్ చేసిండ్రు. ఆయన లెక్క చేసిండు."

నేను దాన్ని కూడా జోకే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత సేటు ఫోన్. "సార్, బిల్డింగు కరెక్టయింది. వచ్చి కొలుచుకోండ్రి." పైకప్పు పగలగొట్టి మళ్లీ పోశాడేమో, పాపం ఎంత తిప్పలు పడ్డాడో అనుకుంటూ పోయాం. గల్లీలోకి తిరగ్గానే నా స్కూటర్ ముందు చక్రం పైకి లేచింది. ఇంజను మూలిగింది. గేరు మార్చాను.

"సారు, మనం గుట్టెక్కుతున్నమా?" అన్నాడు భాయ్.

గుట్టే. ఆ గల్లీకి సిమెంటు రోడ్డు అంతకుముందే మంజూరై ఉంది. వేసే కాంట్రాక్టరు సేటు వియ్యంకుడికి తమ్ముడవుతాడని తర్వాత తెలిసింది. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదే మొరం పోసి, గట్టి చేసి, పైన సిమెంటు వేశారు. మిగతా గల్లీ అంతా నాలుగైదు ఇంచులు లేస్తే, సేటు ఇంటి ముందు మాత్రం ఏనుగు పడుకుని దుప్పటి కప్పుకున్నట్టు లేచింది. అటువైపూ ఇటువైపూ జారుడు. గల్లీవాళ్లు అప్పటికే దానికి సేటు గుట్ట అని పేరు కూడా పెట్టేశారు.

టేపు వదిలాం. తొమ్మిది మీటర్ల తొంభై ఏడు.

"ఎదిగిన బిల్డింగులు శానా చూసిన సారు" అన్నాడు భాయ్ టేపు చుడుతూ. "తగ్గిన బిల్డింగు ఇదే మొదలు చూసుడు."

సేటు ముఖంలో గర్వమో అమాయకత్వమో చెప్పలేను, వెలుగైతే ఉంది. "మీరు చెప్పినట్టే సార్. ఒక ఇంచు ఎక్కువనే."

అటూ ఇటూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని. అప్పుడు పక్కిల్లు కనిపించింది.

అది పాత పెంకుటిల్లు. గుట్టకు దిగువ వైపున, జారుడు ఆగే చోట. అందులో ఒకామె బట్టలు కుట్టేది. అరవై దాటిన మనిషి, గల్లీకంతా ఖాలా, అంటే పిన్నమ్మ. చీరలకు ఫాల్స్, పీకో ఏడాది పొడుగునా ఉండేవి. బడులు తెరిచే ముందు మాత్రం యూనిఫాంలు. ముందు గదిలోనే మిషన్. ఇంతకుముందు ఆమె మిషన్ దగ్గర కూర్చుంటే గల్లీలో పోయేవాళ్ల ముఖాలు కనిపించేవి. ఇప్పుడు మోకాళ్లు కనిపిస్తున్నాయి. ఆమె గడప రోడ్డు కన్నా కిందికి దిగిపోయింది. ఇంటి ముందు మురుగు పోయే మోరీ మొరం కింద ఎక్కడో ఉంది.

"సారూ!" అని పిలిచింది లోపలి నుంచే. "మీరు ఆఫీసోళ్లే గదా. ఈ రోడ్డు లేపుమని ఎవడు చెప్పిండో జర పేరు చెప్పుండ్రి."

"ఎందుకు ఖాలా?"

"దువా చేద్దామని."

"ఎవరో చెప్పిండ్రని నీకెవరన్నరు?"

"సేటే అన్నడు. ఆఫీసు సారే చెప్పిండట, రూలు గట్లనే ఉన్నదట." ఆమె మిషన్ ఆపి రెండు చేతులూ పైకెత్తింది. "యా అల్లా, వాడు ఎవడో గని, వాని ఇంట్ల నల్లా ఎన్నడు బందు గావద్దు. రాత్రనక పగలనక నీళ్లు వాని ఇంట్లకే రావాలె. వాని మంచం కింద కప్పలు పిల్లలు వెట్టాలె."

"ఆమీన్" అన్నాడు పక్కనుంచి భాయ్.

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఎంతో భక్తిగా ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఇప్పుడు నా తప్పు గురించి సూటిగా చెప్పాలి. జోకు వేయడం తప్పే, కానీ దాన్ని మించిన తప్పు ఆ తర్వాత చేశాను. ఆఫీసుకు పోయి ఉన్నది ఉన్నట్టు రాయాల్సింది. రోడ్డు ఎందుకు లేచిందో, ఎవరు లేపారో, ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో. నేను రాయలేదు. ఫైలు తీసి మిగతా ఫైళ్ల కింద పెట్టాను. కొన్నాళ్లు ఆగితే ఏదో ఒకటి అవుతుందనుకున్నాను. ప్రభుత్వోద్యోగంలో ఈ నమ్మకం చాలామందిని కాపాడింది. నన్ను కూడా కాపాడేదే, వాన రాకపోతే.

బడులు తెరవడానికి వారం ఉందనగా తొలి వాన దంచికొట్టింది. ఆ పొద్దున భాయ్ ఫోన్ చేశాడు. స్టేషన్ వైపు ఏదో పని మీద పోయాడట. వెనక నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల కేకలు.

"సారు, దువా కబూలైంది" అన్నాడు. "గని అడ్రసు తప్పింది. నీళ్లు ఖాలా ఇంట్లకు వచ్చినయ్."

నేను పోయేసరికి గుట్ట మీది నీళ్లన్నీ జారుడుబండ మీద పిల్లల్లా వరసగా ఆమె గడపలోకి దూకుతున్నాయి. ముందు గదిలో మోకాలి లోతు. ఖాలా మిషన్ మోటారు ఊడదీసి ఒడిలో పెట్టుకుని మంచం మీద నిలబడింది. గోడవారన యూనిఫాం మూటలు. రెండు బడులవి, నూట ఎనభై జతలు. కత్తిరించినవి, కుట్టినవి, గుండీలు పెట్టాల్సినవి. కింది మూటలు అప్పటికే తడిసి నీలం రంగు దిగుతోంది. ఆమె కేకలేయడం లేదు. ఎప్పుడూ నోరు మూయని మనిషి నోరు మూసుకుని ఉంటే చూడటం నాకు కష్టమైంది.

"ఎక్కడ పెడుదాం?" అని అరిచాను.

"పైకి!" అన్నాడు భాయ్, పక్కనున్న మేడ చూపించి.

సేటు తన గుమ్మంలో నిలబడి వాన చూస్తున్నాడు. ఖాలా మంచం మీది నుంచే ఒక్క మాట అన్నది. "సేటూ, నీ పైన హాలు ఖాళీగనే ఉన్నది గదా."

గల్లీ మొత్తం ఆయన వైపు చూసింది. ఆయన తాళంచేతులు తీశాడు. "తీస్కపో ఖాలా, తీస్కపో. నాకేం ఫికరు?"

నేనూ భాయీ గల్లీ ఆడవాళ్లూ వరసకట్టి మూటలు మోశాం. నేను పదకొండు సార్లు ఎక్కి దిగాను. అడుగున్నర ఎక్కువగా ఉన్న ఆ హాలు ఎంత ఎత్తో ఆ రోజు నా మోకాళ్లు టేపు లేకుండా కొలిచాయి. స్తంభాల మధ్య నవారు కట్టి బట్టలు ఆరేశారు. తెల్ల చొక్కాలు, నీలం లంగాలు, నిక్కర్లు. ఆ హాల్లోకి మనుషులు దిగాలంటే నా సంతకం కావాలి. నా సంతకం లేకుండానే రెండు బడుల పిల్లలు, తలలు మాత్రం లేకుండా, బారులు తీరి దిగిపోయారు.

చివరి మూట దించాక ఖాలా నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ కడుపు సల్లగుండ సారూ. ఆఫీసోళ్లల్ల నీ అసొంటోడు ఒక్కడన్న ఉన్నడు."

ఒకే నోటి నుంచి శాపమూ దీవెనా రెండూ అందుకున్నవాణ్ని నేను. శాపం బరువు తెలిసింది గానీ, దీవెన అంతకన్నా బరువుంటుందని అప్పుడే తెలిసింది.

బట్టలు ఆరాయి. ఆరినా ఖాలా కిందికి దించలేదు. మిషన్ కూడా పైకి తెప్పించుకుంది. "నా ఇల్లు ఎండనీ, దిగుత" అన్నది. కోచింగ్ సెంటర్ వాళ్లు హాలు చూడటానికి వస్తే లోపల నూట ఎనభై చొక్కాల మధ్య ఒక పెద్దామె గుండీలు కుట్టుకుంటూ, "చెప్పులు బయట ఇడువుండ్రి" అన్నదట. వాళ్లు మళ్లీ రాలేదు. అప్పుడు సేటుకు కోపమొచ్చింది. ఖాలా మీద కాదు, ఆమె మీద కోపం తెచ్చుకునే ధైర్యం ఆ గల్లీలో ఎవరికీ లేదు. నా మీద. కొలత సరిపోయినా ఫైలు కదపడం లేదని మా ఆఫీసరు మేడంకు కాగితం పెట్టాడు.

మేడం కొత్తగా వచ్చింది. చిన్న వయసు, మొదటి పోస్టింగు. నవ్వేది కాదు. నవ్వదని మేమంతా అనుకునేవాళ్లం.

"ఈ ఫైలు నెలరోజులుగా ఎందుకు ఆగింది?" అని అడిగింది.

"వాన మేడం" అన్నాను.

"ఫైలు తడిసిందా?"

"లేదు మేడం."

"మరి?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో అది అక్కడ ఆగడం అదే మొదటిసారి. మేడం ఫైలు మూసి, "రేపు పది గంటలకు సైటు దగ్గర ఉంటాను. ప్లాను తీసుకుని రండి" అన్నది.

మంజూరైన ప్లాను తీసి బల్ల మీద పరిచాం. భాయ్ వంగి చూసి, వేలు పెట్టాడు. సేటు ఇంటి ముందు, రోడ్డు నుంచి దుకాణం గుమ్మానికి నాలుగు మెట్లు గీసి ఉన్నాయి. ఒక్కోటి ఆరించులు.

"ఇప్పుడు ఎన్ని ఉన్నయ్ సారు?"

"ఒకటి."

"మిగిలిన మూడు మెట్లు దిగి ఎటన్న పోయినయా?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అడుగున్నర అంటే మూడు మెట్లు. అవి రోడ్డు కిందే ఉన్నాయి.

"రేపు తవ్వితే మెట్లు ఎల్తయి" అన్నాడు భాయ్ ప్లాను మడుస్తూ. "మెట్లతోని పాటు ఇంకేమన్న కూడ ఎల్తది సారు. తయారుగ ఉండుండ్రి."

ఆయన దేని గురించి అంటున్నాడో నాకు తెలుసు. తయారుగా లేను. నా పేరు బయటికి రాకుండా పని అయిపోతే బాగుండునని మొక్కుకుంటూ మర్నాడు సైటుకు పోయాను.

గల్లీ అంతా అరుగుల మీదికి వచ్చి కూర్చుంది. సేటు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రూలు పేజీ ప్రింటు తీయించి, కావాల్సిన చోట పసుపు రంగు పూసి తెచ్చాడు. మేడంకు రెండు చేతులతో అందించాడు.

"రోడ్డు నడిమిట్ల మట్టం నుంచి కొలవాలె అని మీ రూల్లనే ఉన్నది మేడం. కొలువుండ్రి. తొమ్మిది తొంభై ఏడు."

మేడం చదివింది. "రూలు సరిగ్గానే చెప్పారు" అన్నది.

సేటు గల్లీ వైపు తిరిగి మీసం సవరించుకున్నాడు. నేను ముందుకొచ్చి ప్లాను విప్పాను. "మేడం, అనుమతి ఇచ్చిన నాటికి రోడ్డు ఈ మట్టంలో లేదు. ప్లానులో నాలుగు మెట్లున్నాయి, ఇక్కడ ఒకటే ఉంది. మూడు మెట్లు రోడ్డు కింద ఉన్నాయి."

"ప్లానుల గీసిండ్రు గని నేను ఒక్కటే కట్టిన" అన్నాడు సేటు తడుముకోకుండా. "మోకాళ్ల నొప్పులు సార్ మాకు. నాలుగెక్కడ ఎక్కుతం?"

ఒట్టి అనుమానం మీద కొత్త రోడ్డు తవ్వమని అడగడమెలా? అప్పుడు పైనుంచి మాట వచ్చింది. ఖాలా ఆ పై హాలు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"సేటూ, గృహప్రవేశం నాడు కొబ్బరికాయ యాడ కొట్టినవ్?"

సేటు పైకి చూశాడు. "మెట్టు మీద."

"ఎన్నో మెట్టు? అడుగు మెట్టు మీద కొట్టినవ్. నేను ఆడనే నిలవడ్డ. కొబ్బరి ముక్క నా చేతుల వెట్టి, 'ఖాలా, నాలుగు మెట్లెక్కి వచ్చి బువ్వ తిని పో' అంటివి. ఎక్కేటప్పుడు నేను లెక్కపెట్టుకుంట ఎక్కిన. మోకాళ్ల నొప్పులు నీకా నాకా?"

అరుగుల మీద నవ్వులు. మేడం నవ్వలేదు. "తవ్వండి" అన్నది.

భాయ్ గడ్డపార ఎవరికీ ఇవ్వలేదు. తనే పట్టాడు. కోళ్లగూడు కట్టుకోలేని మనిషి కసి అంతా ఆ సిమెంటు మీద పడింది. గంటసేపు పట్టింది. మొదట ఒక నల్లరాయి అంచు మెరిసింది. తర్వాత దాని కింద మరొకటి. మూడోది బయటపడ్డాక భాయ్ చేత్తో మొరం తుడిచి, పక్కకు జరిగి, మేడంను రమ్మన్నాడు. అడుగు మెట్టు మీద ఇత్తడి అక్షరాలు పొదిగి ఉన్నాయి: స్వాగతం.

గల్లీ ఒక్కసారిగా గొల్లుమన్నది. సేటు ముఖం కందగడ్డ అయింది. ఆయన చుట్టూ చూశాడు, ఎక్కడా సందు దొరకలేదు. చివరికి నా వైపు వేలు చూపించాడు.

"నన్నేమంటరు మేడం? ఈ సారే చెప్పిండు రోడ్డు లేపుమని! ఒక ఇంచు ఎక్కువనే లేపుమన్నడు!"

నవ్వులు ఆగిపోయాయి.

కాదనొచ్చు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లు స్టేషన్‌కు పోయే ప్రయాణికులు; విన్నవాళ్లలో సేటు కాక ఇక్కడున్నది భాయ్ ఒక్కడే, ఆయన నా మనిషి. నేను కాదంటే ఆయన ఔననడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గడ్డపార మీద చేతులు ఆనించి నా వైపే చూస్తున్నాడు. పైన కిటికీలో ఖాలా కూడా చూస్తోంది. నాలుగు రోజుల క్రితం నా తల మీద చెయ్యి పెట్టిన మనిషి.

"అవును మేడం" అన్నాను. "నేనే చెప్పిన. జోక్ చేసిన. జోక్ అయినా నోటితో అన్నది నేనే. ఆ తర్వాత ఫైలు ఆపింది కూడా నేనే, భయపడి."

అప్పుడు భాయ్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, సారు రెండు మార్గాలు చెప్పిండు. మొదటిది పైనుంచి అడుగున్నర కోసెయ్యుమని. సేటుకు అది వినవడలే."

మేడం నా వైపు, సేటు వైపు, మెట్టు మీది స్వాగతం వైపు చూసింది. చేతిలోని ప్లానును ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏదో వివరంగా చదువుతోందనుకున్నాం. కాగితం వణుకుతోంది. కాసేపటికి కాగితం దించేసరికి ముఖం మామూలుగా ఉంది.

"రోడ్డు పాత మట్టానికి దించాలి. వేసినవాళ్లే తీసి, మళ్లీ సరిగ్గా వేయాలి. మోరీ తెరవాలి. పైకప్పు తగ్గించాకే ఆక్యుపెన్సీ. మీరు" అని నా వైపు తిరిగింది, "రేపటిలోగా సంజాయిషీ ఇవ్వండి."

ఖాలా కిందికి దిగొచ్చింది. నా ముందు నిలబడి కింది నుంచి పైదాకా చూసింది.

"మంచం కింద కప్పలు గిట్ల వచ్చినయా సారూ?"

"ఇంక రాలే ఖాలా."

"వస్తయ్. తొందరేమున్నది?" అని వెళ్లిపోయింది.

సంజాయిషీ నాలుగుసార్లు చింపి ఐదోసారి రాశాను. జరిగినదంతా రాసి చివర, "ఇకమీదట పౌరులకు ఇచ్చే సలహాలలో హాస్యం ఉండబోదని హామీ ఇస్తున్నాను" అని ముగించాను. రెండు రోజులకు తిరిగొచ్చింది. ఒక హెచ్చరిక, దాని కింద పచ్చ సిరాతో మేడం చేతిరాత: "హాస్యం ఉండవచ్చు. మార్గం మాత్రం ఒకటే చెప్పవలెను." ఆ హెచ్చరిక నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నా ముప్పై రెండేళ్లలో ఎవరైనా నా గురించి రాసిన వాటిలో చదవదగ్గది అదొక్కటే.

సేటు పైకప్పు పగలగొట్టి అడుగున్నర కిందికి పోయించాడు. ఆ పని మొదలయ్యే ముందు ఖాలా తన మిషన్ తీసుకుని తన ఇంటికి దిగింది. యూనిఫాంలు అప్పటికే బడులకు చేరాయి. నీలం దిగిన పన్నెండు జతలకు పక్కల ఆమె కొత్త నీలం పట్టీ వేసి ఇచ్చిందట, ఫ్యాషన్ అనుకుని మిగతా పిల్లలూ అడిగారట. గుట్ట పోయింది. కోచింగ్ సెంటర్ వచ్చింది. సేటు నాతో మామూలుగానే మాట్లాడేవాడు. ఆయనకు అది ఓడిన బేరం, అంతే. ఓడిన బేరాన్ని దుకాణదారుడు మనసులో పెట్టుకోడు.

ఖాలా మాత్రం నాతో మాట్లాడలేదు. నేను గల్లీలోంచి పోతే ఆమె మిషన్ గట్టిగా తొక్కేది. భాయ్‌ను అడిగితే, "కప్పల కోసం సూత్తాంది సారు" అన్నాడు.

ఆగస్టులో మళ్లీ పెద్ద వాన పడింది. నాకు ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. రెయిన్‌కోటు వేసుకుని పోయి ఆ గల్లీలో నిలబడ్డాను. కొత్త రోడ్డు మీద నీళ్లు గల్లీ పొడుగునా పరుగెత్తుకొచ్చాయి. ఖాలా గడప దగ్గరికి వచ్చాయి. గడపను పలకరించినట్టు ఒక్క క్షణం తిరిగి, మోరీలోకి దిగిపోయాయి. అలా ఎంతసేపు చూశానో తెలియదు. మిషన్ చప్పుడు ఆగింది.

"ఏం సారూ, వానల నిలవడ్డవ్?"

నాలుగు మాటలు వచ్చాయి నోటి దాకా. నాలుగూ మంచి జోకులే. మింగాను.

"నీళ్లు ఎటు పోతున్నయో చూస్తాన్న ఖాలా."

"చూసినవ్ గదా. కాళ్లు తుడుసుకొని లోపలికి రా."

లోపలికి పోయాను. ఆమె పక్కనున్న పీట చూపించింది. కూర్చున్నాను. ఆమె నా చేతిలో ఒక సూదీ, తెల్లదారపు ఉండా పెట్టింది.

"నాకు కండ్లు ఆనుత లేవు. నోరు మూసుకొని దారం ఎక్కియ్యి. ఇరవై ఉన్నయ్."

ఇరవై సూదులకూ ఎక్కించాను. దారం కొస తడుపుకోవడానికి తప్ప నోరు తెరవలేదు.